అన్నీ కదిలాయా?

పాముల కేంద్రం క్వార్టర్లు, మూడో నంబరు
ఫిబ్రవరి 6

అక్కా,

క్వార్టరు ఇచ్చేశారే! తాళంచెవి నిన్ననే చేతికొచ్చింది. రెండు గదులు, వంటగది, ముందొక వరండా. ఏడాదిన్నరగా హాస్టలు గదిలో ముగ్గురితో కలిసి ఇరుక్కుని బతికినదాన్ని కదా, ఈ రెండు గదుల్లో ఊరికే అటూ ఇటూ పదిసార్లు నడిచాను. ఒకటి నాకు, ఒకటి పిచ్చుకకి అని మనసులో రాసేసుకున్నాను. ఆరేళ్ళ పిల్లకి వేరే గదేమిటే అంటావు. అను.

ఆయన పోయాక దాన్ని నీ ఒళ్ళో పెట్టి ఈ ఉద్యోగానికి వచ్చేటప్పుడు ఆరు నెలలే అన్నాను. బావగారు ఒక్కసారి కూడా విసుక్కోలేదు, నువ్వు సరేసరి. కానీ ఇక చాలక్కా. మార్చిలో పరీక్షలు కాగానే నా కూతుర్ని నా దగ్గరికి తెచ్చుకుంటాను.

పాముల మధ్య పిల్లని ఎలా ఉంచుతావని అడుగుతావని తెలుసు. అందుకే మా పద్ధతి మొత్తం రాస్తున్నాను, చదివి కుదుటపడు. నా గదిలో యాభై రెండు పెట్టెలు. ఒక్కో పెట్టెలో ఒక్క పాము, దాక్కోవడానికి బోర్లించిన కుండపెంకు, నీళ్ళ గిన్నె, పైన జాలీ మూత, దానికి తాళం. వాటి దగ్గర విషం తీస్తారు, దాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకి ఎక్కిస్తారు, ఆ గుర్రాల నెత్తురులోంచి పాముకాటుకి మందు తయారవుతుంది. విషం తీసేది మా పెద్దాయన. ముప్పై ఏళ్ళుగా ఇదే పని, ఎడమచేతికి నాలుగు వేళ్ళే మిగిలాయి. నాకు మేత, నీళ్ళు, శుభ్రం, లెక్క.

లెక్కంటే ఊరికే చూసి టిక్కు పెట్టడం కాదు. రోజూ సాయంత్రం ఐదింటికి ప్రతి పెట్టె మూత తీసి, కుండపెంకు కింద కొక్కెం కర్రతో మెల్లిగా తాకాలి. పాము కదలాలి. కదిలాకే టిక్కు. తర్వాత పెద్దాయన తలుపు దగ్గర నిలబడి, "అన్నీ కదిలాయా?" అంటాడు. నేను "కదిలాయండీ" అంటాను. అప్పుడు సంతకం చేస్తాడు. ఏడాదిన్నరలో ఈ ప్రశ్న తప్పిన రోజు లేదు. ఇంత జాగ్రత్త మీ ఇంట్లో గ్యాసు బండకి కూడా ఉండదు.

పక్క క్వార్టర్లో గుర్రాలు చూసుకునే ఆయన, భార్య, నాలుగు నెలల పసిపిల్ల. ఆవిడ మంచిది. వచ్చిన రోజే పాలు కాచి ఇచ్చింది. "పాములు బయటికి రావు కదా?" అని అడిగింది. నవ్వి, "రోజూ లెక్కపెడతానండీ" అన్నాను.

పిచ్చుకకి నిన్న ఒక పార్సిలు వేశాను. పక్కన పారేసిన పాత పెట్టె ఒకటి అడిగి తీసుకుని బొమ్మరిల్లు చేశాను. రెండు వారాలు మధ్యాహ్నం తిండి మానేసి మరీ రంగులేశాను. మేడ, మెట్లు, కింద ఒక సొరుగు కూడా. పాము పెట్టె అని నీకు ఒళ్ళు జలదరిస్తుందేమో, మూడుసార్లు మందు నీళ్ళతో కడిగానులే.

నీ చెల్లి


కుట్టు షాపు
ఫిబ్రవరి 16

చిన్నదానా,

పార్సిలు వచ్చింది. అందులో ఏముందో ముందే రాసి చచ్చావు కాబట్టి మీ బావ చేత వీధిలో పెట్టి విప్పించాను. ఆయన కర్రతో దాన్ని తట్టి తట్టి విప్పుతుంటే పక్కన మందుల షాపాయన బయటికొచ్చి, "బాంబా ఏమిటండీ?" అన్నాడు. అంత పరువు తీశావు నాకు.

పిల్ల మాత్రం దాన్ని వదిలితే ఒట్టు. మంచం పక్కనే పెట్టుకుంది. దాని బొమ్మ ఇప్పుడు మేడ మీద ఉంటుందట, మెట్లు దిగి భోజనానికి వస్తుందట. కింద సొరుగు ఎవరూ ముట్టుకోకూడదట, అది "ఆఫీసు" అట. నీ కూతురే.

నీ పద్ధతి చదివాను. కుదుటపడ్డానా అంటే లేదు. బల్లిని చూస్తే కుర్చీ ఎక్కే దాన్ని నేను, నువ్వు యాభై రెండు పాముల్ని తట్టి లేపుతానంటుంటే నాకు కూడు దిగుతుందా? అయినా ఒకటి చెప్తాను, లెక్క సంగతి నాకు అర్థమైంది. నా షాపులో పసిపిల్లల బట్టలు కుడతారు కదా. షట్టరు దించే ముందు సూదుల లెక్క. విరిగిన సూదైతే ముక్కలన్నీ తెచ్చి జతచేసి చూపించాలి. ఒక్క ముక్క దొరక్కపోయినా ఆ రోజు కుట్టిన చొక్కా ఒక్కటి కూడా గడప దాటదు. మొన్న పెళ్ళివాళ్ళు బయట నిలబడి గోలపెడుతున్నా రెండు గంటలు నేలంతా అయస్కాంతంతో వెతికించాను. నన్ను రాక్షసి అన్నారు. అననీ. పసిపిల్ల ఒంటికి తగిలేది నేను కుట్టిన బట్ట.

పరీక్షలు మార్చి ఇరవైకి అయిపోతాయి. ఇరవై ఐదున నేనే తీసుకొచ్చి దిగబెడతాను. ఇంకేం రాయను.

అక్క


క్వార్టర్లు
మార్చి 5

అక్కా,

పిచ్చుకని ఇప్పుడే తేవద్దు. ఇక్కడ క్వార్టర్లకి రంగులేస్తున్నారు, ఆ వాసన పిల్లకి పడదు. పైగా ఇక్కడి బళ్ళో సీటు గురించి ఇంకా కనుక్కోలేదు. ఇంకో నెల ఆగు. తేవాల్సినప్పుడు నేనే రాస్తాను.

నువ్వు కూడా ఇప్పుడు ఒక్కదానివే చూసిపోదామని బయలుదేరకు. నాకు పని ఎక్కువగా ఉంది.

పిచ్చుకకి ముద్దులు.

చెల్లి


కుట్టు షాపు
మార్చి 9

ఏమే,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ ఒళ్ళు మండింది.

రంగులా? మొన్నటి ఉత్తరంలో గోడలు తెల్లగా మెరిసిపోతున్నాయని రాయలేదు సరే, కానీ ఎవరైనా కొత్తగా ఇచ్చిన క్వార్టరుకి మనిషి దిగాక రంగులేస్తారా? చిన్నప్పుడు పలక పగలగొట్టి పిల్లి పగలగొట్టిందన్నదానివి నువ్వు. అప్పుడు మనింట్లో పిల్లే లేదు. నీకు అబద్ధం చేతకాదు, ఎందుకు తంటాలు పడతావు?

పిల్ల సంచీ సర్దుకుని కూర్చుంది. రోజూ కాలెండరు మీద గీత కొడుతోంది. "అమ్మ ఇంకో నెల ఆగమంది" అని చెప్తే ఏం చేసిందో తెలుసా? వెళ్ళి ఆ బొమ్మరింటి ముందు వెనక్కి తిరిగి కూర్చుంది.

ఒంట్లో బాగాలేదా? నిన్నేమైనా కరిచిందా? ఎవరైనా ఏమైనా అన్నారా? ఇంకెవరినైనా చేసుకోవాలనుకుంటున్నావా? అదైనా చెప్పు, తప్పేం లేదు. పిల్లని వద్దనుకునేంత పెద్ద సంగతి ఏమిటో నాకు తెలియాలి. తెలిసేదాకా అన్నం సహించదు.

అక్క


క్వార్టర్లు
మార్చి 13

అక్కా,

ఈ ఉత్తరం చదివాక చింపెయ్యి. బావగారికి కూడా చెప్పకు.

ఒక పాము కనిపించడం లేదు.

మార్చి ఒకటిన పదిహేడో పెట్టె కడగడానికి కుండపెంకు ఎత్తాను. పాము కదల్లేదు. చచ్చిపోయిందేమోనని కొక్కెంతో పైకి ఎత్తితే కర్రకి బరువే తెలియలేదు. అక్కా, అది కుబుసం. మొత్తం కుబుసం, తల నుంచి తోక దాకా, ఒంటి మీది తెల్ల పట్టీలతో సహా, పెంకు కింద చుట్టగా పడి ఉంది. పాము లేదు. జాలీ మూల మేకు ఒకటి ఊడి వేలెడంత సందు ఉంది.

నేను ఇన్నాళ్ళూ కుబుసానికి టిక్కు పెట్టాను. యాభై రెండు పెట్టెలు ఒక్కొక్కటీ కదిలించడానికి గంట పడుతుంది. కొన్నాళ్ళుగా పెంకు కొంచెం పక్కకి జరిపి, పట్టీలు కనబడితే చాలనుకుని టిక్కు పెట్టేస్తున్నాను. మేతగా వేసిన ఎలుకపిల్లని తినకుండా వదిలేస్తే, కుబుసం విడిచే ముందు ఏ పామూ తినదు కదా అనుకున్నాను. బొమ్మరింటి మెట్లకి రంగెయ్యాలన్న తొందరలో మొదలైంది ఈ అలవాటు. అంతకు ముందు వారం మాత్రం దాన్ని నిజంగానే కదిలించి చూశాను.

అది కట్లపాము. నల్లగా, సన్నటి తెల్ల పట్టీలు. మిగతా పాములు బుస కొడతాయి, పడగ విప్పుతాయి, ఏదో ఒకటి చేసి భయపెడతాయి. ఇది అలా కాదు. పగలు ముద్దలా పడి ఉంటుంది, చెయ్యి తగిలినా కదలదు. చీకటిపడితే తిరుగుతుంది. వెచ్చగా మడతపెట్టి ఉన్న గుడ్డల్లోకి దూరుతుంది. కరిస్తే చీమ కుట్టినంత నొప్పి కూడా ఉండదు. కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, ఆ తర్వాత ఊపిరి ఆగుతుంది. మందు మా దగ్గరే ఉంది, వంద అడుగుల దూరంలో. కానీ కరిచిందని తెలిస్తే కదా ఎక్కించడానికి?

నేనెవరికీ చెప్పలేదు. కుబుసాన్ని మళ్ళీ పెంకు కింద పెట్టి, మేకు కొట్టి, మూత వేసేశాను. ఆ సాయంత్రం పెద్దాయన తలుపు దగ్గర నిలబడి, "అన్నీ కదిలాయా?" అన్నాడు. "కదిలాయండీ" అన్నాను. అక్కా, ఆ మాట రెండుసార్లు అనాల్సి వచ్చింది. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని సంతకం పెట్టాడు. పన్నెండు రోజులుగా రోజూ ఇదే.

చెబితే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే క్వార్టరు పోతుంది. మళ్ళీ పిల్లని తెచ్చుకునే మాట ఇక జన్మలో ఎత్తలేను. అందుకని నేనే వెతుకుతున్నాను. పెట్టెల కిందా, గడ్డి కొట్టులో, మోరీల్లో, చెప్పుల గూట్లో. గడపలకి అడ్డంగా పిండి చల్లి పొద్దున్నే పాకిన గుర్తు కోసం చూస్తున్నాను. తువ్వాలు తీసుకోవాలన్నా కర్రతో తడతాను. నిన్న కొళాయి కింద నల్లటి రబ్బరు గొట్టం చూసి అక్కడే కూలబడిపోయాను.

అన్నిటికంటే ఏది భయమో చెప్పనా? పక్కింటావిడ రోజూ మధ్యాహ్నం వరండాలో గుర్రం దుప్పటి మడతలు వేసి పరిచి, పసిపిల్లని దాని మీద పడుకోబెడుతుంది. ఆ పిల్ల నిద్రపోతుంటే నేను మా కిటికీలోంచి దాని పొట్ట పైకీ కిందికీ కదులుతోందా అని చూస్తూ ఉంటాను. కదిలితే అన్నం ముందుకి వెళ్తాను. ఆవిడ నన్ను చూసి నవ్వుతుంది, పిల్లంటే నాకు ముద్దనుకుంటుంది.

అక్కా, ఏం చెయ్యను?

చెల్లి


కుట్టు షాపు
మార్చి 17

చిన్నదానా,

నీ ఉత్తరం వచ్చినప్పుడు కత్తెర చేతిలో ఉంది. కింద పడి కాలి వేలు తెగింది, తెగినట్టు సాయంత్రం దాకా తెలియలేదు. చీమ కుట్టినంత కూడా ఉండదన్నావే, ఆ మాటే బుర్రలో తిరుగుతోంది.

నిన్ను తిట్టాలని కూర్చున్నాను. నువ్వు గడపలో పిండి చల్లుకుని పాముని పట్టేస్తావుటే? పన్నెండు రోజులు ఆ పసిగుడ్డు పొట్ట వంక చూస్తూ కూర్చున్నావా? నీకు నిద్రెలా పట్టింది అని అడగను, పట్టి ఉండదు. కానీ పక్కింటావిడకి పడుతోంది కదా. నువ్వు లెక్కపెడుతున్నావన్న ధైర్యంతో పడుతోంది కదా!

సూది దొరకకపోతే నేనేం చేస్తానో నీకు రాశాను. షట్టరు మూస్తాను. అందరికీ చెప్తాను. నలుగురూ నేల మీద మోకాళ్ళేసి వెతుకుతారు. తప్పు చేసిన పిల్ల ఏడుస్తుంది, ఏడవనిస్తాను, వెతకడం మాత్రం ఆపను. నువ్వు సూది పోగొట్టి, చొక్కా మడతపెట్టి, నవ్వుతూ పిల్ల తల్లి చేతికిచ్చావు.

వెళ్ళి చెప్పు. ఈ ఉత్తరం అందిన రోజే చెప్పు. ఉద్యోగం పోతే పోనీ, ఇక్కడ కుట్టుమిషను ఒకటి ఖాళీగానే ఉంది. నువ్వు చెప్పలేదని తెలిస్తే నేనే బస్సెక్కి వచ్చి మీ కేంద్రాన్ని నడిపే డాక్టరు గారి ముందు నిలబడతాను. పాములంటే నాకెంత భయమో నీకు తెలుసు. అయినా వస్తాను.

పిల్ల బాగుంది. నిన్ను అడగడం మానేసింది, ఆ బొమ్మరిల్లే లోకం. నిన్న పక్కన దుమ్ము తుడుస్తుంటే, "పెద్దమ్మా, ఆఫీసు ముట్టుకోకు, అందులో మెత్తగా ఒకటి పడుకుంది" అంటూ సొరుగు మీద చెయ్యి అడ్డం పెట్టింది. నువ్వు దూది పెట్టి పంపావు కాబోలు. దానితో ముచ్చట్లు కూడా చెప్తోంది.

వెళ్ళి చెప్పు.

అక్క


డాక్టరు గారి ఆఫీసు వరండా
మార్చి 21, మధ్యాహ్నం

అక్కా,

నేను దూది పెట్టలేదు.

సొరుగులో నేనేమీ పెట్టలేదు. ఖాళీ సొరుగు పంపాను.

నీ ఉత్తరం పెట్టెల గదిలోనే చదివాను. చివరికొచ్చేసరికి ఆ సొరుగు మాట దగ్గర ఆగిపోయాను. మేత రిజిస్టరు తీసి చూశాను. అక్కా, నీకు కూడా అబద్ధం రాశాను. అంతకు ముందు వారం కదిలించి చూశానన్నాను కదా, చూడలేదు. పదిహేడో పెట్టెలో పాము మేత ముట్టనిది జనవరి ఆఖరు నుంచి. "తినలేదు, కుబుసం ముందు" అని నా చేత్తోనే రాసి ఉంది, వరసగా ఐదు వారాలు. బొమ్మరిల్లు ఆ పదిహేడో పెట్టె కిందే, నేల మీద, ఫిబ్రవరి నాలుగు దాకా ఉంది. సొరుగు తెరిచే ఉంచాను, రంగు ఆరాలని. మర్నాడు మూసి, గోనెగుడ్డ చుట్టి, పార్సిలు వేశాను.

మెత్తగా ఒకటి పడుకుందట. అది పగలు కదలదు. పిల్ల చెయ్యి తగిలినా కదలదు.

ఫోను డాక్టరు గారి గదిలో ఒక్కటే ఉంది. పరుగెత్తాను. ఆయన ముందు నలుగురు కూర్చుని ఉన్నారు. వాళ్ళ ముందే చెప్పేశాను. పాము పోయింది, నెలన్నర అయింది, నేను దొంగ టిక్కులు పెట్టాను, నా కూతురి మంచం పక్కన ఉందేమో, ఫోనివ్వండి అన్నాను. ఆయన ఫోను నా వైపు తిప్పారు. మీ పక్క మందుల షాపు నంబరు తిప్పుతుంటే మూడుసార్లు వేలు జారింది. ఆయన ఎత్తాడు. "బొమ్మరిల్లు, సొరుగు, తెరవొద్దనండి, పిల్లని బయటికి తెమ్మనండి" అన్నాను. "ఎవరండీ, ఏ సొరుగు?" అన్నాడు. పాము అని అరిచాను. ఫోను బల్ల మీద పడేసి పరుగెత్తిన చప్పుడు వినిపించింది. తర్వాత ఎవరో కేక వేశారు. ఆడమనిషి కేక. నువ్వే అనుకుంటాను. అక్కడితో లైను తెగిపోయింది.

అరగంట అయింది. గాలికి స్తంభం ఏదో ఒరిగిందట. ఫోను చెవి దగ్గర పెట్టుకుంటే గరగరమంటోంది. ఏం చెయ్యాలో తెలియక ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇది నీకు చేరేసరికి అంతా అయిపోయి ఉంటుందని తెలుసు.

పిల్ల కళ్ళు చూడు అక్కా. రెప్పలు వాలుతున్నాయేమో చూడు. మాట ముద్దగా వస్తోందేమో చూడు. దాన్ని నిద్రపోనివ్వకు.

డాక్టరు గారు గంట కొట్టించారు, గుర్రాల షెడ్ల దగ్గర అందరూ పోగవుతున్నారు. పక్కింటావిడ పిల్లని ఎత్తుకుని ఈ వరండా మెట్ల దాకా వచ్చింది. పైకి రాలేదు, నా వైపే చూస్తూ నిలబడింది. అక్కా, నేను తలెత్తలేకపోతున్నాను. వాళ్ళ పిల్ల కోసం ఇరవై రోజులు నోరు తెరవలేదు. నా పిల్ల అనేసరికి చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను.

చెల్లి


కుట్టు షాపు
మార్చి 21, సాయంత్రం

చిన్నదానా,

పిచ్చుక బాగుంది. పక్కనే కూర్చుని నన్ను చూసి మొహం మాడ్చుకుంటోంది. టెలిగ్రాం కూడా ఇచ్చాను, ఇది చేరేలోపు అది చేరుతుంది. ముందు ఊపిరి పీల్చుకో.

జరిగింది చెప్తాను. మందుల షాపాయన, "పాము! బొమ్మరింట్లో పాము!" అంటూ మా షాపులోకి ఉరికాడు. నేను గట్టిగా కేకేశాను, అది నీకు వినపడే ఉంటుంది, వీధంతా వినపడింది. పిల్ల వెనక గదిలో ఆ బొమ్మరింటి ముందే ఉంది, చెయ్యి సొరుగు మీద ఉంది. బల్లిని చూస్తే కుర్చీ ఎక్కుతానన్నానే, ఆ మనిషిని నేనేనా అని నాకే అనుమానం. పిల్లని ఒక చేత్తో మీ బావ మీదికి విసిరాను. రెండో చేత్తో ఆ పెట్టెని ఎత్తుకుని, గుండెలకి ఆనించుకుని, నడివీధిలోకి తీసుకెళ్ళి పడేశాను. మేడ విరిగింది, సొరుగు ఊడి దొర్లింది.

అందులో మెత్తగా పడుకున్నది నీ నీలం రుమాలు. పోయినసారి వచ్చినప్పుడు మర్చిపోయావే, అది. నేను ఉతికేస్తానని దాచిందట. ఉతికితే అమ్మ వాసన పోతుందట. వీధిలో అందరి ముందూ నన్ను, "నా ఇల్లు పగలగొట్టావు" అని కొట్టింది. కొట్టనిచ్చాను.

నువ్వు దాచావని నిన్ను అన్ని మాటలన్నాను. కానీ నేను దాచినది కూడా ఒకటుంది. ఇవాళ రాసెయ్యకపోతే ఇంక ఎప్పుడూ రాయలేను. నువ్వు ఇంకో నెల ఆగమన్నప్పుడు నేను కోప్పడ్డాను కదా, ఆ కోపం సగమే. రెండో సగం సంతోషం. పిల్లల్లేని ఇంట్లో అది ఏడాదిన్నర తిరిగింది. ఈ మధ్య రెండుసార్లు నన్ను "అమ్మా" అని పిలిచి నాలిక కరుచుకుంది. నేను సరిదిద్దలేదు. నీ రుమాలు సొరుగులో కనబడ్డాక సిగ్గుతో చచ్చిపోయాను.

పాము మరి ఎక్కడుంది? ఇక్కడ లేదంటే అక్కడే ఉందిగా. వెతుకుతున్నారా? ఆ పసిపిల్ల ఎలా ఉంది? వెంటనే రాయి.

అక్క


క్వార్టర్లు
మార్చి 26

అక్కా,

టెలిగ్రాం ఇరవై రెండున పొద్దున్నే వచ్చింది. తపాలా ఆయన చేతిలోంచి లాక్కుని అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాను. నీ ఉత్తరం నిన్న వచ్చింది. రెండో సగం సంగతి చదివాను. దానికి నాకు కోపం లేదు. కోపం తెచ్చుకునే మొహం నాకుందా?

పాము దొరికింది.

నేను ఫోను పెట్టీ పెట్టగానే డాక్టరు గారు గంట కొట్టించారు. పనంతా ఆపేశారు. అందరినీ ఇళ్ళలోంచి బయటికి పంపి, గుర్రాల షెడ్ల దగ్గర కూర్చోబెట్టి, ఒక్కొక్క క్వార్టరూ వెతికారు. నువ్వు షట్టరు మూసినట్టే. నీకు ఉత్తరం రాసి లేచి నేనూ వెళ్ళాను. పెద్దాయన ముందు, వెనక నేను. నన్ను రావద్దన్నారు, ఆయనే, "రానివ్వండి, దాని పామేగా" అన్నాడు. తిట్టాడో దగ్గరికి తీశాడో ఇప్పటికీ తెలియదు.

మొదట మా క్వార్టరు. లేదు. తర్వాత పక్కది. గుర్రం దుప్పటి మంచం కింద ఉంది, మడతపెట్టి. ఆవిడ దాన్ని ఎప్పుడూ దులపదు, దులిపితే గుర్రం వెంట్రుకలు లేచి పిల్ల ముక్కులోకి పోతాయని మెల్లిగా లాగి పరుస్తుంది. పెద్దాయన కొక్కెంతో ఒక్కో మడతా తిప్పాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగో మడతలో ఉంది. చుట్టచుట్టుకుని, బక్కచిక్కి, తల ఒంటి కింద దాచుకుని. ఆయన కొక్కెంతో తాకాడు. మెల్లిగా కదిలింది.

వెనక్కి తిరక్కుండానే, "కదిలింది" అన్నాడు.

అప్పుడు టైము ఎంతైందో తెలుసా? రెండు కావస్తోంది. ఆవిడ రోజూ ఆ దుప్పటి లాగి పరిచేది రెండింటికి. ఎన్ని రోజుల నుంచి అందులో ఉందో ఎవరూ చెప్పలేరు. ఆ పూటే దూరిందో, వారం నుంచీ ఆ పిల్ల వీపు కింద నాలుగు మడతల అడుగున పడి ఉందో. నేను కిటికీలోంచి పొట్ట చూశానే తప్ప దాని కింద ఏముందో చూడలేదు.

నీ ఉత్తరంలో ఆ మెత్తటిది అన్న మాట లేకపోతే నేను ఆ రోజు చెప్పేదాన్నా? నిజం చెప్పమంటావా? తెలియదు. రేపు చెప్తాను అనుకునేదాన్నేమో. రెండింటికి కిటికీ దగ్గర నిలబడేదాన్నేమో. దీన్ని తల్చుకుంటే పాము దొరికాక కూడా నిద్ర పట్టడం లేదు.

గుర్రాలాయన నాతో మాట్లాడటం లేదు. ఆవిడ మాత్రం నిన్న గుమ్మం దాకా వచ్చింది. "రోజూ కిటికీలోంచి చూసేదానివి, అందుకేనా?" అని అడిగింది. అవునన్నాను. ఇంకేమైనా అంటుందేమోనని నిలబడ్డాను. వెళ్ళి వాళ్ళ తలుపు గడియ వేసుకుంది. రెండు చెంపలూ వాయించినా బాగుండేది.

నన్ను పాముల గదిలోంచి తీసేశారు. విచారణ అయ్యేదాకా సీసాలు కడిగే చోట వేశారు. క్వార్టరు ఉంటుందో లేదో తెలియదు. పెద్దాయన కూడా నా టిక్కుల మీద సంతకం పెట్టినందుకు సంజాయిషీ రాసి ఇవ్వాల్సి వచ్చింది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి. క్షమించమని వెళ్తే, "నువ్వు అనడం విన్నాను గాని నేను చూడలేదు, తప్పు నాదీ" అన్నాడు. ఇప్పుడు ఆయన తలుపు దగ్గర నిలబడటం లేదు. లోపలికొచ్చి, పక్కనే ఉండి, యాభై రెండూ కదలడం చూస్తున్నాడు.

పిల్లని తెస్తావా అని అడగను. నీ దగ్గరే ఉండనీ అంటే అదీ న్యాయమే. నువ్వేం చెప్తే అది.

చెల్లి


కుట్టు షాపు
మార్చి 30

చిన్నదానా,

ఆదివారం పొద్దుటి బస్సుకి బయలుదేరుతున్నాం, నేనూ పిచ్చుకా. ఎవరి దగ్గర ఉండాలో నువ్వూ నేనూ ఉత్తరాల్లో పంచుకోవడానికి అదేమన్నా చీర ముక్కా? దాన్ని అడిగాను. "అమ్మ దగ్గర ఉంటా, సెలవులకి నీ దగ్గరికి వస్తా, నువ్వు ఏడవకు" అంది. నేను ఏడవలేదు, ఉల్లిపాయలు తరుగుతున్నాను. క్వార్టరు పోతే ముగ్గురం ఇక్కడికే తిరిగొద్దాం, మిషను ఖాళీగానే ఉంది.

భయంగా ఉందా అంటే, ఉంది. పిల్లని చంకలోంచి దింపను. చెప్పులు కర్రతో తట్టిగానీ వేసుకోను. నువ్వు నవ్వడానికి వీల్లేదు.

దిగగానే మొదట మీ ఇంటికి రాను. నన్ను పక్కింటికి తీసుకెళ్ళు. నువ్వూ లోపలికి రావాలి, గుమ్మం బయట నిలబడితే కుదరదు. ఆ పసిపిల్లకి ఒక పరుపు కుట్టాను. పలచగా, లేత రంగు గుడ్డతో, మడతలు పెట్టే పని లేకుండా. ఎవరు ఎత్తి దులిపినా వెంట్రుక రాలదు. అంతా నా చేత్తోనే కుట్టాను, షాపులో ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

కుట్టడం అయ్యాక సూదులు లెక్కపెట్టాను. మళ్ళీ మీ బావని పిలిచి ఆయన చేత లెక్కపెట్టించాను. అన్నీ ఉన్నాయి.

అక్క